ఏడాదికి ఒక్క క్రిప్టోగ్రఫీ కాన్ఫరెన్స్‌కే వెళ్లే వీలుంటే దేనికి వెళ్లాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. (ఇక్కడ క్రిప్టో అంటే క్రిప్టోగ్రఫీ, సమాచారాన్ని రహస్యంగా, మారకుండా కాపాడే విద్య. క్రిప్టోకరెన్సీ కాదు. క్రిప్టో అనే పేరుతోనే ఒక కాన్ఫరెన్స్ కూడా ఉంది.) మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు, ఈమధ్యే సెక్యూరిటీ టీమ్‌లోకి మారి టీఎల్‌ఎస్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య సమాచారాన్ని కాపాడే ప్రోటోకాల్), కీ మేనేజ్‌మెంట్ (రహస్య కీలను పుట్టించి, దాచే పని) చూస్తున్నారు. ఏడాదికి ఒక కాన్ఫరెన్స్ ఖర్చు కంపెనీ పెట్టుకుంటానంది. క్రిప్టో, ఆర్‌ఎస్‌ఏ కాన్ఫరెన్స్, బ్లాక్ హ్యాట్, డెఫ్ కాన్ పేర్లు విన్నారు కానీ ఏది మీకు పనికొస్తుందో తేలడం లేదు. లెక్కల్లో అంత గట్టి కాదన్నారు. వీడియోలన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంటే అసలు వెళ్లాలా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మొదటిసారి రియల్ వరల్డ్ క్రిప్టోకి వెళ్లండి. టాక్‌లు వినడమే మీ ఉద్దేశమైతే ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, వీడియోలు చాలు. అంత దూరం వెళ్లేది మీ కోడ్ గురించి మీకున్న ఒక ప్రశ్నను, దానికి జవాబు తెలిసిన మనిషి ముందు పెట్టడానికి. ఆ ప్రశ్న ఇంకా మీ చేతిలో లేకపోతే ఈ ఏడాది ఆగి వచ్చే ఏడాది వెళ్లినా నష్టం లేదు.

నేను పదహారేళ్లుగా క్రిప్టో లైబ్రరీలు రాయడం, ఇతరులు రాసినవి ఆడిట్ చేయడం మీద బతుకుతున్నాను. మధ్యలో కొన్నేళ్లు పేపర్లు రివ్యూ చేశాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

రియల్ వరల్డ్ క్రిప్టో ఎందుకంటే, అది మీలాంటి పని చేసేవాళ్లనూ పరిశోధకులనూ ఒకే హాల్లో కూర్చోబెట్టడానికే పుట్టింది. ఏటా మార్చి ప్రాంతంలో మూడు రోజులు జరుగుతుంది. ఒకే వేదిక, ఒకే వరుస. ఒకేసారి మూడు గదుల్లో మూడు టాక్‌లు నడిచి ఏది వదులుకోవాలో తెలియక తిప్పలు పడే పని లేదు. పైగా దీనికి ప్రొసీడింగ్స్ ఉండవు, టాక్ సారాంశం పంపితే చాలు. కాబట్టి పేపర్ రాసే తీరిక లేని ఇంజనీర్లు కూడా వచ్చి, తాము నడిపే సిస్టమ్‌లో ఏం విరిగింది, ఎందుకు విరిగింది అన్నది చెబుతారు. మెసేజింగ్ యాప్‌లు, బ్రౌజర్లు, సర్టిఫికెట్లు, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ లాంటి విషయాలే ఎక్కువ. మీ లెక్కలు అక్కడికి సరిపోతాయి.

ఇక మిగతా పేర్ల సంగతి. అవన్నీ ఒకే రకం సభలు కావు, అందుకే మీకు తికమకగా ఉంది.

క్రిప్టో, యూరోక్రిప్ట్, ఏషియాక్రిప్ట్ అనే మూడూ ఐఏసీఆర్ అనే అంతర్జాతీయ క్రిప్టాలజీ పరిశోధకుల సంఘం నడిపేవి. క్రిప్టో 1981 నుంచి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఆగస్టులో జరుగుతూ వస్తోంది. యూరోక్రిప్ట్ వసంతంలో, ఏషియాక్రిప్ట్ డిసెంబరులో. ఇక్కడ విలువంతా సిద్ధాంతానిదే: నిర్వచనం, నిర్మాణం, రుజువు. ఇదే సంఘం కింద ఒక్కో శాఖకు విడి సభలున్నాయి. పబ్లిక్ కీకి పీకేసీ, బ్లాక్ సైఫర్లు, హాష్‌ల లాంటి సిమెట్రిక్ క్రిప్టోకి ఎఫ్‌ఎస్‌ఈ, శుద్ధ సిద్ధాంతానికి టీసీసీ, హార్డ్‌వేర్‌కూ సైడ్ ఛానెల్ దాడులకూ (పట్టే సమయం, వాడే కరెంటు లాంటి పక్కదారుల్లో రహస్యాన్ని లాగడం) చెస్ (సీహెచ్‌ఈఎస్). మీరు రెండో ఏడాది వెళ్లదగ్గది ఈ చెస్. కీ మేనేజ్‌మెంట్ చేసేవాళ్లకు అక్కడ కళ్లు తెరుచుకుంటాయి.

సెక్యూరిటీ పరిశోధనలో పెద్ద నాలుగు అని మేం పిలుచుకునేవి వేరే: ఐట్రిపుల్‌ఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్‌ఎస్. మొదటిది ఊరు మారి చాలా ఏళ్లయినా పాతవాళ్లందరూ ఇప్పటికీ ‘ఓక్లాండ్’ అనే అంటారు, ఎవరైనా అలా అంటే తడబడకండి. టీఎల్‌ఎస్ మీద పేరుమోసిన దాడులు చాలావరకు ఇక్కడే వచ్చాయి: లక్కీ థర్టీన్ 2013లో ఓక్లాండ్‌లో, లాగ్‌జామ్ 2015లో సీసీఎస్‌లో, డ్రౌన్ 2016లో యూజ్‌నిక్స్ సెక్యూరిటీలో.

ఆర్‌ఎస్‌ఏ కాన్ఫరెన్స్ 1991లో క్రిప్టోగ్రాఫర్ల చిన్న సమావేశంగా మొదలై ఇప్పుడు పరిశ్రమ మొత్తానికీ సంతలాగా తయారైంది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, పాలసీ రాసేవాళ్లు అక్కడుంటారు. మీ మేనేజర్‌కి అది పనికొస్తుంది, మీకు ఇప్పుడే అక్కర్లేదు. బ్లాక్ హ్యాట్‌లో దాడుల టాక్‌లు బాగుంటాయి, శిక్షణ తరగతులు కూడా ఉంటాయి. డెఫ్ కాన్ 1993 నుంచి నడుస్తున్న హ్యాకర్ల జాతర. జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్ల కాంగ్రెస్ 1984లో మొదలైంది, ఏటా డిసెంబరు చివర్లో జరుగుతుంది. దాని రికార్డింగ్‌లు అందరికీ ఉచితం.

సిద్ధాంత సభలు, సెక్యూరిటీ పరిశోధన సభలు, హ్యాకర్ల సభలు అనే ఈ మూడు రకాలకూ మధ్య ఉన్న బంధం తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మీ పని టీఎల్‌ఎస్ కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుంటాను.

2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన యూరోక్రిప్ట్‌లో క్రిప్టోగ్రాఫర్ సెర్జ్ వోడెనే ఒక పేపర్ చదివారు. సీబీసీ మోడ్‌లో, అంటే సందేశాన్ని బ్లాకులుగా కోసి గొలుసులా ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు చివరి బ్లాక్ నింపడానికి ప్యాడింగ్ కలుపుతాం కదా. డీక్రిప్ట్ చేశాక ఆ ప్యాడింగ్ తప్పుగా ఉందో లేదో సర్వర్ బయటికి తెలిసేలా ప్రవర్తిస్తే చాలు, దాడి చేసేవాడు బైటుకి గరిష్ఠంగా 256 ప్రయత్నాలతో అసలు సందేశాన్ని చివరినుంచి ఒక్కో బైటే బయటికి లాగగలడు. కీతో పనే లేదు. హాల్లో ఉన్నవాళ్లకు అర్థమైంది. బయట సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే చేరలేదు.

ఎనిమిదేళ్ల తరువాత, 2010లో, జూలియానో రిజ్జో, థాయ్ డువాంగ్ అదే ఆలోచనను బ్లాక్ హ్యాట్ యూరప్‌కి పట్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులో ఎకోపార్టీ అనే హ్యాకర్ల సభలో మైక్రోసాఫ్ట్ వెబ్ వేదిక ఏఎస్‌పీ డాట్ నెట్ మీద ఆ దాడి పనిచేస్తుందని చూపించారు. మైక్రోసాఫ్ట్ నెలవారీ వాయిదాకి ఆగకుండా అదే నెలలో అత్యవసర ప్యాచ్ ఇచ్చింది. మళ్లీ 2013లో అల్‌ఫర్దాన్, పాటర్సన్ లక్కీ థర్టీన్‌తో వచ్చారు. సర్వర్ నోరు విప్పకపోయినా, మ్యాక్ (సందేశం దారిలో మారలేదని చూసే గుర్తు) లెక్కగట్టడానికి పట్టే సమయంలోని అతిసూక్ష్మమైన తేడాయే ప్యాడింగ్ గుట్టు విప్పుతుందని ఓక్లాండ్‌లో నిరూపించారు. చివరికి 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఆ సీబీసీ సైఫర్ సూట్‌లన్నిటినీ తీసేసింది.

ఒకే ఆలోచన పదహారేళ్లలో సిద్ధాంత సభ నుంచి హ్యాకర్ల సభకి, అక్కడి నుంచి మళ్లీ పరిశోధన సభకి, ఆఖరున ప్రమాణంలోకి నడిచింది. మీరు ఆ దారిలో ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోండి. ప్రోటోకాల్ అమలు చేసేవాళ్లు మధ్యలో ఉంటారు. వాళ్లకు పేపర్ ఎలా పుట్టిందో తెలియాలి, రేపు తమ కోడ్‌లో అది ఎలా కాటేస్తుందో కూడా తెలియాలి. మొదట రియల్ వరల్డ్ క్రిప్టో అన్నది అందుకే.

ఒక్క విషయంలో మాత్రం క్రిప్టోకే వెళ్లి చూడాలి, అది రంప్ సెషన్. ఒక సాయంత్రం పెట్టుకునే అనధికార కార్యక్రమం, ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే. హాస్యం ఉంటుంది, పాటలు కూడా ఉంటాయి. వాటి మధ్యలోనే చరిత్ర తిరగబడిన సందర్భాలున్నాయి. 2004లో షియావోయున్ వాంగ్ ఎమ్‌డీ5 హాష్ కొలిజన్లు (వేర్వేరు సందేశాలకు ఒకే హాష్ రావడం) అక్కడే ప్రకటించారు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంతకుముందు ఆ బృందం బయటపెట్టిన మొదటి కొలిజన్లలో ఎమ్‌డీ5 ప్రారంభ విలువల బైట్ల వరుస తారుమారైంది. అంటే అవి ఎమ్‌డీ5కి కాస్త భిన్నమైన హాష్‌కి కొలిజన్లన్నమాట. పొరపాటు తెలియగానే సరైన విలువలతో మళ్లీ లెక్కగట్టి కొత్త కొలిజన్లు ఇచ్చేశారు. ఎంత వేగంగా ఇచ్చారో చూసినవాళ్లకు ఎమ్‌డీ5 పని అయిపోయిందని అప్పుడే తెలిసిపోయింది.

2007 రంప్ సెషన్‌లో డాన్ షుమో, నీల్స్ ఫెర్గూసన్ అంతకంటే నెమ్మదిగా పేలే బాంబు పెట్టారు. డ్యూయల్ ఈసీ అనే రాండమ్ నంబర్ జనరేటర్‌లో రెండు స్థిర బిందువులుంటాయి. ఆ రెండింటి మధ్య సంబంధం ఎవరికైనా తెలిస్తే, కొద్దిపాటి అవుట్‌పుట్ చూసి తరువాత రాబోయేదంతా చెప్పేయగలరని చూపారు. అప్పటికే అది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పత్రంలో ఉంది. 2013లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు బయటికొచ్చాక గానీ జనం ఆ కొద్ది నిమిషాల టాక్‌ని గుర్తు చేసుకోలేదు. 2014లో నిస్ట్ ఆ జనరేటర్‌ను తొలగించింది. 2007లో ఆ హాల్లో కూర్చుని, తిరిగెళ్లి తమ ప్రోడక్ట్‌లో ఆ జనరేటర్ ఉందేమోనని వెతికినవాళ్లు ఆరేళ్లు ముందే బయటపడినట్టు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, వీడియోలు ఉండగా వెళ్లడం ఎందుకన్న మీ అసలు ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

నా మొదటి కాన్ఫరెన్స్ వృథా అయింది. పొద్దున మొదటి టాక్ నుంచి సాయంత్రం ఆఖరి టాక్ దాకా ముందు వరుసలో కూర్చున్నాను, ఒక్కటీ వదల్లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి బుర్ర పనిచేయడం మానేసింది. ఎవరితోనూ పది మాటలు మాట్లాడలేదు. తిరిగొచ్చాక టీమ్‌కి ఏం చెప్పాలో తెలియక ప్రోగ్రామ్ బుక్ చూసి రిపోర్టు రాశాను. ఆ వారం విన్నవన్నీ నెల తిరక్కుండా ఇంట్లో కూర్చుని చూసుకునే వీలున్నవే.

రెండోసారి ఒక ప్రశ్న పట్టుకెళ్లాను. అప్పట్లో మేం ఈసీడీఎస్‌ఏ అనే డిజిటల్ సంతకాల కోడ్ కొత్తగా రాస్తున్నాం. సంతకానికొక రహస్య సంఖ్య కావాలి, దాంతో కర్వ్ మీది ఒక బిందువును బిట్ తరువాత బిట్‌గా ఒక లూపులో గుణిస్తాం. ఆ సంఖ్యను మేం సరిగ్గానే పుట్టిస్తున్నాం అన్న నమ్మకం నాది. కాఫీ బ్రేక్‌లో, సైడ్ ఛానెల్స్ మీద టాక్ ఇచ్చిన ఒకావిడ దగ్గరికెళ్లి మా పద్ధతి వివరించాను. రాండమ్ నంబర్ల గురించి ఏమైనా అడుగుతారనుకున్నాను. ఆవిడ ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు: “మీ గుణకారం లూపు ఏ బిట్ దగ్గర మొదలవుతుంది?”

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ పేపర్ న్యాప్‌కిన్ మీద రెండు గీతలు గీశారు, ఒకటి పొడుగు, ఒకటి కాస్త పొట్టి. రహస్య సంఖ్య ముందు సున్నాలుంటే లూపు తక్కువసార్లు తిరుగుతుంది, సంతకం కొంచెం ముందే పూర్తవుతుంది. వేలకొద్దీ సంతకాల్లో త్వరగా పూర్తయినవాటిని ఏరుకుంటే, వాటిలో రహస్య సంఖ్య చిన్నదని తెలిసిపోయినట్టే. అక్కడి నుంచి లాటిస్ అనే గణిత పద్ధతితో ప్రైవేట్ కీ దాకా వెళ్లొచ్చు. ఆ రాత్రి హోటల్ గదిలో లాప్‌టాప్ తెరిస్తే మా లూపు సరిగ్గా మొదటి ‘1’ బిట్ దగ్గరే మొదలవుతోంది. వేగం కోసం నేనే అలా రాశాను. ముందు సున్నాలను దాటేసే ఆ ఒక్క లైను మీద కామెంట్ కూడా నాదే.

సవరణ చిన్నదే. రహస్య సంఖ్యకు గ్రూప్ ఆర్డర్‌ను (కర్వ్‌కి ఉండే ఒక స్థిర సంఖ్య, దాన్ని కలిపినా ఫలితం మారదు) ఒకసారి కలుపుతాం, పొడవు ఇంకా ఒక బిట్ తక్కువగా ఉంటే మరోసారి. సంతకం అదే వస్తుంది, లూపు మాత్రం ఎప్పుడూ ఒకే లెక్కన తిరుగుతుంది. ఆ ఎంపికను కూడా ‘ఇఫ్’ లేకుండా రాయాలి, లేకపోతే లీకు ఒకచోటు నుంచి ఇంకోచోటికి మారుతుందంతే. ఇదేమీ ఊహాజనితమైన భయం కాదు. 2011లో బ్రమ్లీ, టువెరీ ఇదే రకం లీకుతో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టీఎల్‌ఎస్ లైబ్రరీ వాడే సర్వర్ కీని లాగి చూపారు. 2019లో మినర్వా పేరుతో స్మార్ట్‌కార్డుల్లోనూ కొన్ని లైబ్రరీల్లోనూ మళ్లీ అదే బయటపడింది.

ఆవిడ టాక్ వీడియో ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంది. అందులో ఈ ప్రశ్న లేదు. నా కోడ్ గురించి నేను చెబితేనే ఆ ప్రశ్న పుట్టింది.

అందుకని వెళ్లేముందు చేసే పనే ముఖ్యం. ప్రోగ్రామ్ నెల ముందే వస్తుంది. మీ పనికి దగ్గరగా ఉన్నవి ఐదు ఎంచుకోండి, అంతకంటే ఎక్కువ వద్దు. పేపర్ ఉంటే ఐఏసీఆర్ నడిపే ఈప్రింట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. రుజువులు దాటేసి మొదటి రెండు పేజీలు, దాడి చేసేవాడికి ఏమేం అందుబాటులో ఉంటాయని అనుకున్నారో చెప్పే భాగం చదవండి. అక్కడ అర్థం కాని ఒక్క వాక్యం చాలు, మాట కలపడానికి. ఐఏసీఆర్ యూట్యూబ్ ఛానెల్‌లో గత ఏడాది టాక్‌లు రెండు మూడు చూసి వెళ్తే మనుషుల ముఖాలు కూడా గుర్తుపడతారు.

అక్కడ సగం టాక్‌లు వదిలేయండి. ఎవరైనా వరండాలో మంచి చర్చలో ఉంటే లోపలికి వెళ్లొద్దు. ‘మీ పరిశోధన చాలా బాగుంది’ అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. నాకు బాగా పనిచేసిన ప్రశ్న ఒకటుంది: పేజీలు చాలక మీరు పేపర్‌లోంచి తీసేసింది ఏమిటి? పనిచేయని ప్రయత్నాలన్నీ అప్పుడు బయటికొస్తాయి. అమలు చేసేవాళ్లకు కావాల్సింది చాలాసార్లు అవే. లెక్కలు రావని మొహమాటపడొద్దు. పరిశోధకులకు నిజమైన సిస్టమ్ నడిపేవాళ్లు దొరకడం అరుదు, వాళ్లే మిమ్మల్ని ఎక్కువ అడుగుతారు.

అక్కడే ఒక జాగ్రత్త. మీ కంపెనీ ప్రోడక్ట్‌లోని లోపాలను పేరుతో సహా బయటపెట్టొద్దు. ఏం చెప్పొచ్చో ముందే మేనేజర్‌తో మాట్లాడుకుని వెళ్లండి. నేను న్యాప్‌కిన్ దగ్గర చెప్పింది పద్ధతి మాత్రమే, అది ఎక్కడ వాడుతున్నామో చెప్పలేదు.

ఇంకొన్ని హెచ్చరికలు.

పెద్ద సభలో పేపర్ వచ్చిందంటే అది సురక్షితమని ముద్ర పడినట్టు కాదు. ఓసీబీ2 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి 2004లో ఏషియాక్రిప్ట్‌లో రుజువుతో సహా వచ్చింది, తరువాత ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణంలోకి కూడా ఎక్కింది. 2018లో, అంటే 14 ఏళ్లకు, రుజువులో చిన్న ఖాళీ పట్టుకుని దాన్ని పూర్తిగా విరగ్గొట్టారు. ఆ విరగ్గొట్టిన పేపర్‌కి 2019 క్రిప్టోలో ఉత్తమ పేపర్ గౌరవం దక్కింది. క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగని పద్ధతుల కోసం నిస్ట్ పెట్టిన పోస్ట్ క్వాంటమ్ పోటీలో నాలుగో రౌండ్ దాకా వచ్చిన సైక్ అనే పద్ధతి 2022 జులైలో ఒక్క ఈప్రింట్‌తో పడిపోయింది. కాస్ట్రిక్, డెక్రూ రాసిన ఆ దాడి దాని చిన్న పారామీటర్లను మామూలు ప్రాసెసర్ ఒక్క కోర్ మీద సుమారు గంటలో విరిచేసింది. కొత్త నిర్మాణం విని ఉత్సాహంతో తిరిగొచ్చి మరుసటి నెలలోనే ప్రోడక్షన్‌లో పెట్టేయొద్దు. దాడి విన్నప్పుడు మాత్రం ఆ రోజే మీ కోడ్ తెరిచి చూడండి.

నకిలీ కాన్ఫరెన్స్‌లు చాలా ఉన్నాయి. ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి’ అంటూ మెయిల్ వస్తుంది, వ్యవసాయం నుంచి క్రిప్టోగ్రఫీ దాకా అన్నీ ఒకే సభలో, పేపర్ పంపిన మూడో రోజే అంగీకారం, వెంటనే ఫీజు. నా జూనియర్ ఒకతను ఇలాగే ఒకదానికి డబ్బు కట్టి వెళ్తే హాల్లో పదిమంది కూడా లేరు. ప్రోగ్రామ్ కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు చూడండి. వాళ్లు క్రిప్టో, సీసీఎస్ లాంటిచోట్ల పేపర్లు రాసినవాళ్లేనా అని కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా డీబీఎల్‌పీలో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. చిన్న సభ అయితే అనుమానించాలని కాదు. ఇండోక్రిప్ట్, ఆఫ్రికాక్రిప్ట్, లాటిన్‌క్రిప్ట్ చిన్నవే అయినా గట్టివి. జనం తక్కువ కాబట్టి పెద్దవాళ్లతో తీరిగ్గా మాట్లాడే వీలు అక్కడే ఎక్కువ.

ఇది చదివే విద్యార్థులకు ఒక మాట. ఐఏసీఆర్ సభల్లో మీ పేపర్ మీరే చదువుతుంటే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అవుతుంది. యూజ్‌నిక్స్‌లోనూ విద్యార్థులకు సాయం ఉంది. అడగనిదే ఎవరూ ఇవ్వరు, గడువు చాలా ముందే ముగుస్తుంది. వీసాకి కావాల్సిన ఆహ్వాన పత్రం కూడా పేపర్ అంగీకారం వచ్చిన వారంలోనే అడిగేయండి.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. తిరిగొచ్చిన మూడు రోజుల్లోపు రెండు పేజీలు రాసి టీమ్‌కి ఇవ్వండి, దాంతోపాటు మీ కోడ్‌లో చూడాల్సిన చోటు ఒక్కటైనా టికెట్‌గా, అంటే టీమ్ పనుల జాబితాలో ఒక పనిగా, వేయండి. వచ్చే ఏడాది మళ్లీ పంపమని అడగడానికి ఆ టికెట్ చాలు. మాకు ఆ లూపు టికెట్ తరువాత ఏటా ఇద్దరిని పంపారు.

టీఎల్‌ఎస్‌లో మీరు చూసేది ఏ భాగమో, సర్టిఫికెట్లా, హ్యాండ్‌షేకా, లేక కీలు దాచే హార్డ్‌వేరా, కింద రాయండి. ముందుగా ఏ మూడు టాక్‌లు చూడాలో, ఎవరిని ఏమడగాలో దాన్నిబట్టి చెబుతాను.